ఖాతా లాకౌట్

ఖాతా లాకౌట్ అనగా కంప్యూటరు నెట్‌వర్కులోని ఒక ఖాతాలోనికి తప్పుడు సంకేతపదాలతో పదే పదే ప్రవేశించబోయినపుడు, తప్పుల సంఖ్య ఒక హద్దు దాటగానే ఆ ఖాతాను మూసివేయు రక్షణ పద్ధతి. ఈ మూసివేత కొన్ని నిమిషాలే ఉండవచ్చును, లేదా నిర్వాహకుడు తిరిగి తెరిచే వరకు కొనసాగవచ్చును. సిమ్ కార్డు పిన్‌ను వరుసగా మూడుసార్లు తప్పుగా నొక్కితే అది మూసుకొనిపోయి పి.యు.కె. సంఖ్యను అడుగుతుంది. దానినీ పదిసార్లు తప్పితే కార్డు శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. కంప్యూటరు ఖాతాల విషయంలోనూ సూత్రం ఇదే.

ఆవశ్యకత

నాలుగు అంకెల పిన్‌కు 10,000 రూపాలు మాత్రమే సాధ్యం. సెకనుకు పది చొప్పున ప్రయత్నించే యంత్రానికి ఇవన్నీ చూడడానికి 17 నిమిషాలు కూడా పట్టదు. అదే మూడు అవకాశాలతో ఆపివేస్తే దొంగకు దక్కేది పదివేలలో మూడు వంతుల అవకాశమే. ఎనిమిది చిన్న ఆంగ్ల అక్షరాలతో సుమారు 20,882 కోట్ల సంకేతపదాలు ఏర్పడతాయి కాబట్టి భయం లేదనిపిస్తుంది. కానీ మనుషులు వాటిలో నుండి చీటీలు తీసినట్లు ఎంచుకోరు. యునిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్, రాబర్ట్ మోరిస్‌తో కలిసి 1979లో ప్రచురించిన వ్యాసంలో 3,289 సంకేతపదాలను పరిశీలించగా, వాటిలో 86 శాతం మరీ పొట్టివో, నిఘంటువులలోనూ పేర్ల పట్టికలలోనూ సులభంగా దొరికేవో అని తేలినది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుండి బయటపడిన 3 కోట్ల 20 లక్షల సంకేతపదాలలో అన్నిటికంటె ఎక్కువ మంది వాడినది 123456. ముప్పై సంవత్సరాలలో మానవ స్వభావం పెద్దగా మారలేదన్నమాట.

హద్దు లేకపోతే ఏమి జరుగుతుందో 2009 జనవరిలో ట్విట్టర్‌లో కనిపించినది. (ఈ సంస్థ పేరు 2023లో ఎక్స్‌గా మారినది.) ఒక దుండగుడు ఊహించే పనిని ఒక ప్రోగ్రాముకు అప్పగించి, వేలకొలది పదాలను ప్రయత్నించి, నిర్వాహక అధికారం గల ఒక ఉద్యోగి ఖాతాలో ప్రవేశించాడు. ఆ ఉద్యోగి సంకేతపదం నిఘంటువులో ఉండే ఒక మామూలు పదం. అన్ని తప్పులు జరిగినా ఖాతా మూసుకొనలేదు. ఆ తరువాత, అప్పటికి అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై ప్రమాణ స్వీకారానికి వేచి ఉన్న బరాక్ ఒబామా ఖాతా నుండి, 500 డాలర్ల పెట్రోలు ఉచితమంటూ లక్షన్నర మందికి పైగా అనుచరులకు సందేశం వెళ్ళినది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ లోపాన్ని తప్పుపట్టగా, 2010లో ట్విట్టర్ రాజీకి వచ్చినది.

యజమానికే తగిలే దెబ్బ

ఈ పద్ధతిలోని అసలు చిక్కు వేరే ఉన్నది. తప్పులు చేసినది ఎవరైనా శిక్ష పడేది ఖాతాదారుకే. వాడుకరి పేరు తెలిస్తే చాలు, కావాలని ఐదుసార్లు తప్పుగా కొట్టి ఎవరినైనా వారి ఖాతా నుండి బయట నిలబెట్టవచ్చును. ఆన్‌లైన్ వేలంపాట ముగిసే చివరి నిమిషంలో పోటీదారు ఖాతాను ఇలా మూయించగలిగితే పాట ఎవరిదో చెప్పనక్కరలేదు. 2008 చివరలో బయలుదేరిన కాన్‌ఫికర్ వర్మ్ విండోస్ నెట్‌వర్కులలో వ్యాపించడానికి తేలికపాటి సంకేతపదాలను ఊహిస్తూ పోవడంతో, అనేక కార్యాలయాలలో ఉద్యోగుల ఖాతాలు వాటంతట అవే మూసుకొనిపోయాయి. రక్షణ కొరకు పెట్టిన నియమమే పనిని ఆపివేసినది.

అందువలన హద్దు ఎంత ఉండాలనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. కార్డు చెల్లింపుల సంస్థల ప్రమాణం మొదట ఆరు ప్రయత్నాలే అనుమతించి, 2022 నాటి కూర్పులో దానిని పదికి పెంచినది. విండోస్ 11లో అదే సంవత్సరం పది తప్పులకు పది నిమిషాల మూసివేత స్వతస్సిద్ధమైన అమరికగా చేరినది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో వరుస తప్పులు వంద మించరాదని మాత్రమే నిర్దేశించినది. సంకేతపదం బలంగా ఉంటే వంద ఊహలతో దొంగకు ఒరిగేదేమీ లేదు. తరచుగా మరచిపోయే యజమానికి మాత్రం మూడుకూ వందకూ చాలా తేడా ఉన్నది.

ఇతర పద్ధతులు

మూసివేతకు బదులు ప్రతి తప్పుకూ నిరీక్షణను రెట్టింపు చేయడం ఒక మార్గం. ఒక సెకను, రెండు, నాలుగు, ఇలా పెరిగితే పదకొండవ తప్పు తరువాత 17 నిమిషాలు ఆగవలసి వస్తుంది. ఫెయిల్‌2బ్యాన్ వంటి సాధనాలు సర్వరు చిట్టాలను చదివి, ఖాతాను కాక తప్పులు వస్తున్న ఐ.పి. చిరునామాను అడ్డుకుంటాయి. అయితే ఒక కళాశాల వసతిగృహంలోని వందల మంది ఒకే చిరునామాతో బయటకు కనిపించవచ్చును. ఒకరి తప్పుకు అందరూ ఆగిపోతారు.

దొంగలూ లెక్కించడం నేర్చారు. ఒకే ఖాతాపై వేయి పదాలు కాక, ఒకే పదాన్ని వేయి ఖాతాలపై ప్రయత్నిస్తే ఏ ఖాతాలోనూ హద్దు దాటదు. దీనిని పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. 2023 నవంబరు చివరలో మైక్రోసాఫ్టు సంస్థలోకి చొరబాటు ఈ విధంగానే జరిగినదని ఆ సంస్థ 2024 జనవరిలో ప్రకటించినది. దొరికినది ఒక పాత ప్రయోగ ఖాతా, దానికి రెండవ ధృవీకరణ లేదు. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. వంటి రెండవ ధృవీకరణ ఉంటే ఊహించిన సంకేతపదం ఒక్కటే సరిపోదు. భారతదేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఇటువంటి అదనపు ధృవీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి తప్పనిసరి చేసినది.

సంకేతపదాల దస్త్రమే దొంగ చేతికి చిక్కితే లాకౌట్ వలన ఉపయోగం లేదు. అతడు తన కంప్యూటరులోనే తీరికగా ఊహించుకుంటాడు, లెక్కించేవారు ఉండరు. 1988 నవంబరు 2న విడుదలైన మోరిస్ వర్మ్ అప్పట్లో అందరూ చదవగలిగిన యునిక్స్ సంకేతపదాల దస్త్రాన్ని ఇలాగే వాడుకొన్నది. దానిని వ్రాసిన విద్యార్థి, పైన పేర్కొన్న 1979 వ్యాసకర్త రాబర్ట్ మోరిస్ కుమారుడే.

ఖాతా మూసుకొన్నపుడు

మూసివేత ప్రతిసారీ దాడికి గుర్తు కాదు. సంకేతపదం మార్చిన తరువాత పాత ఫోనులోనో ఇంటి కంప్యూటరులోనో మెయిలు ప్రోగ్రాము పాతదానినే పంపుతూ ఉండడం తరచుగా కనిపించే కారణం. తెరిచిన కొద్ది నిమిషాలకే ఖాతా మళ్ళీ మూసుకొంటూ ఉంటే ముందుగా ఆ పరికరాలను చూడాలి. తప్పుడు ప్రయత్నాలు ఏ చిరునామా నుండి, ఏ సమయంలో వచ్చాయో నిర్వాహకుని వద్దనున్న చిట్టాలో నమోదై ఉంటుంది.