టాంజియర్ కుర్రవాడు – అలెగ్జాండ్రియా బాట

మన సభ్యులలో ఒక పెద్దాయన ఈ మధ్య జుమ్మా నమాజు తర్వాత ఒక రంగుల పుస్తకం తెచ్చి మా చేతిలో పెట్టారు. పరదేశంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపాడట, అమ్మానాన్నలకు ఉత్తరాఫ్రికా చూపిస్తానని. లగ్జరీ టూరు. కారు వీళ్ళకే, గైడు వీళ్ళకే, సముద్రం కనిపించే కిటికీ ఉన్న గది. మొరాకోలో టాంజియర్, ఫెజ్. ట్యునీషియాలో ట్యూనిస్, కైరవాన్. ఆఖరున ఈజిప్టులో అలెగ్జాండ్రియా. "ఇవన్నీ ఏ ఊళ్ళు భాయ్? చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు. చెప్పులు వేసుకుంటూ చెప్పే జవాబు కాదది. సావనీరులో రాస్తామని మాటిచ్చాం. ఆ మాట చెల్లించుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

ఆఫ్రికా అనగానే మనకు ఏదో దూరదేశం అనిపిస్తుంది గాని, ఉప్పల్ నుంచి తార్నాక వెళ్ళే బస్సు రోజూ హబ్సీగూడ మీదుగానే పోతుంది. హబ్షీలు అంటే అబిసీనియా వైపు నుంచి వచ్చినవారు. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ అశ్వదళం పేరుతోనే అవతల ఏ.సీ. గార్డ్స్ మొహల్లా నిలిచింది. అయితే వారిది తూర్పు ఆఫ్రికా. పెద్దాయన పుస్తకంలోని ఊళ్ళు ఆ ఖండానికి ఉత్తరపు అంచున, మధ్యధరా సముద్రం వైపున ఉన్నవి. ఆ ఒడ్డు వెంట నడిచి, మన దేశం దాకా వచ్చి, చూసినదంతా చెప్పి రాయించిన మనిషి ఒకడున్నాడు. ఆయనే ఇబ్న్ బతూతా.

ఈయన సంగతికి మన ఇలాకాతో ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది కదా, 1888లో మొదలైనది, పాత అరబ్బీ గ్రంథాలను అచ్చు వేసేది. హిజ్రీ ఎనిమిదవ శతాబ్దపు ప్రముఖుల జీవితాలను కైరో పండితుడు ఇబ్న్ హజర్ అస్ఖలానీ ఒక పెద్ద గ్రంథంగా కూర్చాడు. 'అద్దురర్ అల్ కామినా' దాని పేరు. 1930 ప్రాంతంలో దాన్ని అచ్చు వేసింది మన హైదరాబాదే. అందులో ఇబ్న్ బతూతా గురించి కూడా ఉంది. టాంజియర్ వాడి బతుకు కథను మన ఊరి అచ్చులో లోకమంతా చదివిందన్నమాట! మనమే చదవలేదు.

సరే, కథలోకి వద్దాం. టాంజియర్‌లో ఖాజీల ఇంట 1304లో పుట్టాడు. హిజ్రీ 725 రజబ్ నెల 2వ తేదీన, అంటే 1325 జూన్ 14న, హజ్ కోసం ఇల్లు విడిచాడు. అప్పటికి 21 ఏళ్ళు. తోడు లేదు, కాఫిలా లేదు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు. గూడు వదిలిన పక్షిలా బయలుదేరానని, వారిని విడిచి రావడం కష్టమైందని తానే చెప్పుకున్నాడు. హజ్ చేసి వచ్చేస్తాడనే ఇంట్లో అనుకొని ఉంటారు.

తిలిమ్‌సాన్, అల్జీర్స్ మీదుగా బిజాయా రేవు చేరేసరికి జ్వరం పట్టుకుంది. తగ్గేదాకా ఆగమని తోటివారు చెప్పారు. చావే రాసి ఉంటే హిజాజ్ వైపు ముఖం పెట్టి దారిలోనే పోతానన్నాడు. అలాగైతే సవారీ జంతువును, బరువు సామానును అమ్మేయి, ఎక్కడానికి మరొకటి, ఉండడానికి డేరా నేనిస్తానన్నాడు వారిలో ఒకాయన. దారి దోపిడీల భయంతో అందరూ వేగంగా పోతున్నారు, వెనుకబడితే ఒంటరివాడే. జ్వరం మీద జీను నుంచి పడిపోకుండా తలపాగా గుడ్డతో తన్ను తాను కట్టుకుని ప్రయాణం చేశాడు. రంగుల పుస్తకంలోని మెత్తటి సీట్ల బొమ్మ చూస్తే మాకు ఆ తలపాగా గుడ్డే గుర్తొచ్చింది.

ఖుసంతీనా ఊరి బయట డేరాలు వేసుకున్న రాత్రి పెద్ద వాన. డేరాలు వదిలేసి దగ్గరి ఇళ్ళలో తల దాచుకున్నారు. పొద్దున ఊరి హాకిం ఎదురొచ్చి ఈ కుర్రవాడి బురద బట్టలు చూశాడు. వాటిని ఉతికించమన్నాడు. చిరిగిన ఇహ్రాం గుడ్డ తీయించి బాల్‌బక్ నేత గుడ్డ ఇచ్చాడు. దాని కొంగున రెండు బంగారు దీనార్లు ముడివేసి ఉన్నాయి. దారిలో తనకు అందిన మొదటి సహాయం ఇదేనని ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జ్ఞాపకం పెట్టుకుని చెప్పాడు. చేతిలో పెట్టలేదు, నలుగురి ముందు ఇవ్వలేదు, కొంగున ముడివేసి ఇచ్చాడు. ఇచ్చే తీరు ఎలా ఉండాలో ఆ హాకింకు తెలుసు.

ట్యూనిస్ సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ఊరివాళ్ళు కాఫిలాకు ఎదురొచ్చారు. ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకున్నారు, సలాములు చేసుకున్నారు. ఇతన్ని ఎరిగినవాడు లేడు కనుక ఒక్కరూ సలాం చెప్పలేదు. దుఃఖం ఆగలేదు, బోరున ఏడ్చాడు. యాత్రికులలో ఒకాయన అది కనిపెట్టి దగ్గరకొచ్చి సలాం చెప్పి, ఊళ్ళో అడుగు పెట్టేదాకా మాటలతో ఓదారుస్తూ వచ్చాడు. ఆ రాత్రి పుస్తకాల వర్తకుల మద్రసాలో ఇతనికి చోటు దొరికింది. ఈద్ కూడా ఆ ఊళ్ళోనే చేసుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాచారంలో మన పాతకాపు ఒకాయన చెప్పిన మాట తలపుకొచ్చింది. పారిశ్రామికవాడలో పని కోసం జిల్లా నుంచి కొత్తగా వచ్చిన రోజులట. ఈద్ నమాజు అయింది, అందరూ గలే మిలుతున్నారు, ఈయన గోడ పక్కన నిలబడి తన చెప్పులు తనే చూసుకుంటున్నాడు. ఎవరో తెలియని మనిషి వచ్చి కౌగిలించుకుని, "షీర్ ఖుర్మా మా ఇంట్లో" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడట. "నేను ఈ సంఘంలో ఎందుకు చేరానో అంటే ఇందుకే చేరాను" అన్నాడు. ట్యూనిస్ కథ ఆయనకు తెలియదు. ఈ సంచిక చూసి తెలుసుకుంటాడు.

ట్యూనిస్ నుంచి హజ్ కాఫిలా కదిలింది. ఏడుస్తూ వచ్చిన కుర్రవాణ్ణే దానికి ఖాజీగా పెట్టారు. సూసా, సఫాఖిస్, ఖాబిస్, తరాబులస్ – అన్నీ సముద్రపు ఒడ్డు ఊళ్ళే. దారిలో ఒక పెళ్ళి, మామతో తగాదా, తలాక్, మరో పెళ్ళి. రెండో పెళ్ళి విందుకు కాఫిలానంతా ఒకరోజు ఆపేశాడు. ఈ విషయంలో ఆయన్ని ఆదర్శంగా తీసుకోమని మేము చెప్పడం లేదు.

కైరవాన్ ఆయన దారిలో రాలేదు గాని, పెద్దాయన పుస్తకంలో ఉంది కనుక ఒక మాట. 670లో ఉఖ్బా బిన్ నాఫె వేసిన ఊరది. అక్కడి నుంచి ఫెజ్‌కు వలస వచ్చిన కుటుంబంలోని ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆమె, తండ్రి ఆస్తి తన వాటాకు రాగా, 859లో ఖరవియ్యీన్ మసీదు కట్టించిందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ జర్ రాశాడు. అదే తర్వాత గొప్ప విద్యాపీఠమైంది. మన అక్కచెల్లెళ్ళు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఇంతకూ చేతిలో పైకం లేని కుర్రవాడు ఇన్ని వేల మైళ్ళు ఎలా పోగలిగాడు? హాజీ అంటే జనంలో గౌరవం ఉంది. మద్రసాలు, జావియాలు, ముసాఫిర్‌ఖానాలు, వాటి ఖర్చుకు వక్ఫ్ ఆస్తులు ఉన్నాయి. డమాస్కస్‌లో ఆయన చూసిన వక్ఫుల జాబితా చదివితే ఆశ్చర్యం వేస్తుంది: హజ్‌కు పోలేనివారి తరఫున పంపడానికి ఒకటి, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు ఒకటి, బాటసారుల తిండికీ బట్టకూ ఒకటి, వీధులకు రాళ్ళు పరచడానికి ఒకటి. పగిలిన గిన్నెలకు కూడా ఒకటి! యజమాని చైనా పళ్ళెం చెయ్యిజారి పగలగొట్టుకున్న ఒక బానిస పిల్లవాడు, ఎవరో చెప్పగా పెంకులు ఏరుకుని ఆ వక్ఫ్ వారి దగ్గరికి పోతే, కొత్త పళ్ళేనికి డబ్బు ఇచ్చారట. దెబ్బలు తప్పాయి.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. మచిలీపట్నం బాట మీద హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల నాటి మసీదు చుట్టూ బాటసారుల గదుల వరుసలు ఇప్పటికీ కనిపిస్తాయి. మహమ్మద్ కులీ కూతురు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. ఉప్పల్ నుంచి ఆటోలో పోయి చూసి రావచ్చు. మన సర్వసభ్య సమావేశంలో ముసాఫిర్‌ఖానా గది మాట వచ్చిన ప్రతిసారీ "ఈ కాలంలో లాడ్జీలుండగా ఎందుకు?" అనేవారు ముందు ఆ గదులను ఒక్కసారి చూసి రావాలని మా మనవి.

టూరు విషయంలో ఇంకొక్కటి చెప్పాలి. డబ్బుంటే ఎక్కడికైనా పోవచ్చనుకుంటాం. మొరాకో, అల్జీరియాల మధ్య నేల సరిహద్దును 1994లో మూసేశారు, ఇంతవరకు తెరవలేదు. 2021లో దౌత్య సంబంధాలూ తెగిపోయాయి. మొరాకో విమానాలు అల్జీరియా ఆకాశంలో ఎగరకూడదని కూడా ఆంక్ష పెట్టారు. కనుక టాంజియర్ నుంచి తిలిమ్‌సాన్‌కు 1325లో ఒంటరి కుర్రవాడు పోయిన బాటలో నేడు ఎంత ఖరీదైన కారూ నేరుగా పోలేదు.

1326 ఏప్రిల్ 5న, ఇల్లు విడిచిన పది నెలలకు, అలెగ్జాండ్రియా చేరాడు. ప్రసిద్ధి చెందిన దీపస్తంభం ఒక పక్క కూలి ఉంది. 1349లో తిరిగి వస్తూ చూస్తే లోపలికి పోవడానికి కూడా వీల్లేనంతగా శిథిలమైంది. పెద్దాయన పుస్తకంలో మెరుస్తున్న కోట ఆ చోటనే సుల్తాన్ ఖాయిత్‌బే 1477లో కట్టించినది. బుర్హానుద్దీన్ అనే ఒక కుంటి ఫకీరు ఆ ఊళ్ళోనే ఇతన్ని చూసి, నీకు దేశాలు తిరగడమంటే ఇష్టంలా ఉంది, హింద్‌లో, సింధ్‌లో, చీనాలో నా సోదరులున్నారు, వారికి నా సలాం చెప్పు అన్నాడు. అంతవరకు అతనికి ఆ ఊహే లేదు. తర్వాత ముగ్గురినీ కలిసి సలాం అందజేశానని రాయించాడు.

అలా 1333లో సింధు నది దాటి, ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ అయ్యాడు. ఏడాదికి 12,000 దీనార్ల జీతం. ఈ తుగ్లకే యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లును పట్టుకుని కాకతీయుల రాజ్యాన్ని అంతం చేసినవాడు. ఇబ్న్ బతూతా మన నేల మీద అడుగు పెట్టలేదు గాని, 'తిలంగ్' అని మన దేశం పేరు ఆయన గ్రంథంలో ఉంది. దక్షిణాదికి దండు నడిపిన సుల్తాన్ సైన్యం తిలంగ్‌లో మహమ్మారి సోకి చాలావరకు నశించిందని రాయించాడు. మన ఉప్పల్ ముందు నుంచి వరంగల్‌కు పోయే రోడ్డు చూసినప్పుడల్లా ఆ దండు కథ గుర్తుకొస్తుంది.

చివరకు తిరుగుముఖం పట్టాడు. తండ్రి పోయి పదిహేనేళ్ళయిందని 1348లో డమాస్కస్‌లో తెలిసింది. ఎవరో పాత ఊరివాడు చెప్పాడు. మరుసటి ఏడు మొరాకోలో అడుగుపెట్టి, ఇల్లు ఇంకా కొద్ది రోజుల దూరం ఉందనగా, తల్లి మహమ్మారితో కన్నుమూసిందని తాజా ఊళ్ళో విన్నాడు. గల్ఫ్‌లో కొడుకులున్న మన ఇళ్ళవారికి ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు.

ఫెజ్‌లో సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞ మీద కథంతా చెబుతుంటే ఇబ్న్ జుజై రాశాడు. 1355 డిసెంబరుకు పూర్తయింది. దర్బారులో చాలామంది అబద్ధాలన్నారు. ట్యూనిస్‌లో పుట్టిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ కూడా అదే అంటే, ఒక వజీరు ఆయనకు కథ చెప్పాడట: తండ్రితో జైల్లోనే పెరిగిన పిల్లవాడికి గొర్రె ఎలా ఉంటుందో ఎంత వివరించినా, ఎలుక లాంటిదేనా అని అడిగేవాడట, వాడు చూసిన జంతువు అదొక్కటే కనుక.

పెద్దాయన ప్రయాణం ఖాయమైంది. టాంజియర్ విమానాశ్రయానికి ఇబ్న్ బతూతా పేరే పెట్టారు. అతని సమాధి అంటూ పాత ఊళ్ళో ఒక చోట చూపిస్తారు. తిరిగి వచ్చాక ఆయన ఫెజ్ నుంచి మొట్టమొదట టాంజియర్‌కు పోయింది మాత్రం తల్లి సమాధి చూడడానికి. అది ఎక్కడుందో పెద్దాయన రంగుల పుస్తకంలో లేదు.