రెండు అంకెల చిరునామా

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు వెతకాలంటే ఒక్క అంకె చాలదు. నాలుగో లైను అనగానే ఆటో అతను వెనక్కి తిరిగి ‘‘ఎన్నో అడ్డరోడ్డండీ?’’ అంటాడు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండూ కలిసిన చోటే గుమ్మం. గుంటూరులో సీఏ చదవడానికి వచ్చే పిల్లలు నేర్చే మొదటి పాఠమూ ఇలాంటిదే. ప్రతి రూపాయికీ రెండు గుర్తులుండాలి: ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి చేరింది.

ఈ జంటపద్దు పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు లూకా పాచోలీ అనే సన్యాసి. కనిపెట్టింది ఆయన కాదు, అక్కడి వర్తకులు అప్పటికే రాస్తున్న తీరును పుస్తకానికెక్కించాడంతే.

మనకూ లెక్క కొత్తేం కాదు. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలో పడేది. దాన్ని ఖాతాల వారీగా విడదీస్తే ఆవర్జా. నందన నామ సంవత్సరపు కరువు నాడు గుంటూరులో పనిచేసిన సి.పి.బ్రౌన్ కచేరీల్లో, వ్యాపారాల్లో నలిగే మాటలను పోగుచేసి 1852లో జిల్లా నిఘంటువు అచ్చువేశాడు. ఆ మాటల పుట్టుక తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. జమ, అసలు, బాకీ మూడూ అరబ్బీ నుంచి వచ్చినవి. జమ అంటే పోగుచేసింది, అసలు అంటే వేరు, బాకీ అంటే మిగిలింది. వడ్డీ మాత్రం సంస్కృతపు వృద్ధి. వేరు అక్కడే ఉంటుంది, చెట్టు పెరుగుతూ పోతుంది!

మిర్చి యార్డులో ఒక వ్యాపారి సొంత సొమ్ము 6 లక్షలకు 4 లక్షల అప్పు కలిపి 10 లక్షల సరుకు కొన్నాడనుకుందాం. సరుకు ఆస్తి. అప్పు బాధ్యత. సొంత సొమ్ము మూలధనం. ఇటు పది, అటు ఆరూ నాలుగూ. ఈ తూకాన్ని ఒక తేదీన కాగితం మీద చూపేదే బ్యాలెన్స్ షీట్.

సరుకంతా 12 లక్షలకు అరువు మీద అమ్మాడు. కోల్డ్ స్టోరేజీ అద్దె, వడ్డీ కలిపి లక్ష పోతే లక్ష లాభం. గల్లాపెట్టెలో మాత్రం రూపాయి లేదు. ఆ 12 లక్షలూ రావలసిన బాకీలే. లాభనష్టాల పట్టిక చూసి మురిసినవాడు అద్దె కట్టాల్సిన రోజున నగదు లెక్క చూసి కంగారుపడేది ఇందుకే. ఇక వాడకం వల్ల వ్యానులాంటి ఆస్తి విలువను ఏటా తగ్గించి రాయడం తరుగుదల. కాటా దగ్గర కోసే తరుగు వేరు.

డెబిట్, క్రెడిట్ దగ్గరే చాలామంది తడబడతారు. ఇంగ్లీషు పద్ధతిలో డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి. దేశవాళీ బహీఖాతాలో జమ, అంటే క్రెడిట్, ఎడమ పక్కన ఉండేది. బ్యాంకులో మీరు వేసిన డబ్బు వాళ్ల పుస్తకంలో క్రెడిట్, ఎందుకంటే అది బ్యాంకు మీకు పడ్డ బాకీ. పాస్‌బుక్కు మీ చేతిలో ఉన్నా రాసింది వాళ్ల లెక్క.

ఊళ్లో లెక్క తెలిసినవాడు కరణమొక్కడే అయినన్నాళ్లూ ఆయన రాసిందే రాత. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. కరణం లెక్కల కవిలె పోయి బ్యాంకు కాగితాలొచ్చాయి. సంతకం పెట్టే ముందు ఆటో అతనిలా రెండో అంకె కూడా అడగాలి.