"తండా అంటే గుడుంబా" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మాట హాస్టల్ల, బస్సుల మనం అందరం విన్నదే. దాని వెనుక చరిత్ర రాస్తున్న, పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన వ్యాపారులు. 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు పడ్డది. మన రఘునాథపల్లి స్టేషన్ ఉన్నది ఆ లైను మీదనే. రైళ్లు, సడకులు వచ్చినంక ఎద్దుల బిడారుకు పని లేకపాయె. తండాలు కట్టుకొని కూలికి, జీతాలకు కుదిరిన్రు. అంతకుముందు తాగలేదా అంటే తాగిన్రు. కానీ పెండ్లికో, పండుగకో తాగుడు వేరు, బతుకుదెరువుకు కాసుడు వేరు.

నిజాం రాజ్యంలో 1316 ఫస్లీల (1906-07) ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం. వేలంల గుత్తేదారు కట్టిన సొమ్ము తాగేటోని జేబుల నుంచే రావాలె కదా! ఇంట్ల కాస్తే నేరం, గుత్తేదారు అమ్మితే సర్కారు సారా. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలైంది.

1980లల్ల సర్కారే 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్ సారా తెచ్చింది. ప్యాకెట్ చేతికి వచ్చినంక తాగేటందుకు దుకాణం గూడ అక్కర్లేదు. చెరువుకట్ట, చింతచెట్టు నీడ, రైలుపట్టాల పక్క, ఏదైనా సరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటల చదువు నేర్చుకున్న ఆడోళ్లు తిరగబడ్డరు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం. 1997లో నిషేధం ఎత్తేసిన్రు, సారాకు మాత్రం అనుమతి ఇయ్యలే. వైన్సులు, బెల్టుషాపులు ఊరూరికి వచ్చినయి. ఆ ధర పెట్టలేనోనికి గుడుంబా మిగిలింది. నల్లబెల్లం, పటిక, నవసాగరం కలిపి కాసే తండా ఆడబిడ్డ మీద కేసు, బాటిల్ అమ్మేటోనికి లైసెన్స్.

2015లో తెలంగాణ సర్కారు గుడుంబా మీద, కల్తీకల్లు మీద దాడులు చేసింది. కాసే కుటుంబాలకు తర్వాత పునరావాస సాయం ప్రకటించింది. తాగేటోళ్ల సంగతే ఎవ్వరికీ పట్టలే. అలవాటైన ఒంటికి మందు ఒక్కసారే ఆగితే చేతులు వణుకుతయి, ఫిట్స్ వస్తయి, లేనియి కనపడతయి. చాలామంది దవాఖానలకు ఉరికిన్రు. 2020 లాక్‌డౌన్ల ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు గూడ ఇదే వరుస. అది దయ్యం కాదు, మంత్రగాని దగ్గరికి తీస్కపోవద్దు. రోజూ బాగ తాగేటోన్ని ఇంట్ల కట్టేసి మాన్పించుడు ప్రాణానికే ముప్పు, డాక్టర్ మందులతోనే మాన్పించాలె.

బయట తాగి పడిపోయినోళ్ల ముచ్చట గూడ చెప్పాలె. ఎండకాలం మందు ఒంట్లె నీళ్లు లాగేస్తది, వడదెబ్బ తొందరగ తగుల్తది. చలికాలం ఒళ్లు వెచ్చగయినట్టే అనిపిస్తది గని లోపలి వేడి బయటికి పోతది. వెల్లకిల పడుకున్నోడు కక్కితే ఊపిరితిత్తులల్లకు పోయి చచ్చిపోవచ్చు. అందుకే పక్కకు తిప్పి పండబెట్టాలె, ఒక మనిషి కాడ ఉండాలె. కల్తీ సారాల మిథనాల్ ఉంటే చూపు మసకబారుతది, తెల్లారేదాక ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలె. మాన్పించే సాయానికి 14446 నంబరుంది, పైసలు పడవు. తండా గ్రూపులల్ల పంపండి.