పసికందు కామెర్లు, నీలి వెలుగు

నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో సుమారు 60 శాతం మంది, నెలలు నిండకుండా పుట్టినవారిలో సుమారు 80 శాతం మంది మొదటి వారంలో పచ్చబడతారు. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు హీమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. అది నీటిలో కరగదు. కాలేయం దానికి గ్లుకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి, కరిగేటట్లు చేసి, పైత్యరసంలోకి పంపాలి. తల్లి కడుపులో ఉన్నంతకాలం ఆ పని మాయ ద్వారా తల్లి శరీరం చూసుకుంటుంది. పుట్టిన బిడ్డ కాలేయానికి ఆ పని చేతకావడానికి కొన్ని రోజులు పడుతుంది. చాలామందిలో ఇది వచ్చినట్టే వచ్చి పోయే పచ్చదనం. కొద్దిమందిలో మాత్రం బిలిరుబిన్ హద్దు మీరి మెదడులోకి చేరుతుంది. బతికినా, వినికిడి పోయి, అవయవాలు తమ అదుపులో లేని కదలికలతో జీవితాంతం ఉండిపోయే పిల్లలు వీరే. ఆ మెదడు కేంద్రాలు పసుపు పచ్చగా మారి ఉండటాన్ని గమనించి ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో జర్మన్ పాథాలజిస్టు ష్మోర్ల్ పెట్టిన పేరే కెర్నిక్టెరస్.

1940ల నుంచి దీనికి ఒక వైద్యం ఉంది: రక్తమార్పిడి. బొడ్డుసిరలో గొట్టం పెట్టి, బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, దాత రక్తాన్ని ఎక్కిస్తూ, గంటల తరబడి చేసే పని. ప్రాణాలు నిలబెట్టిన పద్ధతే. కానీ కిలోన్నర బరువున్న బిడ్డకు ఆ ప్రక్రియే ప్రాణాంతకం కావచ్చు. 1950లలో పిల్లల వైద్యులకు నిత్యం ఎదురైన సంకటం ఇది: ఎంత పచ్చబడేదాకా ఆగాలి, ఎప్పుడు సూది పట్టుకోవాలి?

ఇంగ్లండులోని ఎసెక్స్‌లో రాచ్‌ఫర్డ్ జనరల్ హాస్పిటల్ పెద్ద పేరున్న పరిశోధనా సంస్థ కాదు. అక్కడ నెలలు నిండని బిడ్డల విభాగాన్ని సిస్టర్ జీన్ వార్డ్ చూసుకునేది. ఉక్కపోసే ఇంక్యుబేటర్ల కంటే ఆరుబయట గాలి, ఎండ పసిబిడ్డలకు మేలని ఆమె గట్టి నమ్మకం. వేసవిలో ఎండ కాసిన రోజున కొందరు బిడ్డలను ఆస్పత్రి ఆవరణలోకి తీసుకెళ్ళి, పెద్ద డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చేలోగా లోపలికి తెచ్చేసేది. 1956లో ఒకరోజు ఆమె డాక్టర్ డాబ్స్‌కు ఒక బిడ్డను బట్టలు విప్పి చూపించింది. ఒళ్ళంతా పాలిపోయి ఉంది. ఒక త్రికోణాకారపు భాగం మాత్రం, గీత గీసినట్టు, గాఢమైన పసుపు. అక్కడ అయొడిన్ వంటి మందేదైనా పూశారా అని ఆయన అడిగాడట. పూసిందేమీ లేదు. బిడ్డ ఎండలో ఉన్నప్పుడు దుప్పటి కొన కప్పి ఉన్న చోటు అది. మిగతా ఒంటి రంగే వెలిసిపోయింది!

ఆ మాట అక్కడితో ఆగిపోయేదేమో. కొద్ది వారాల తర్వాత, బాగా పచ్చబడిన ఒక బిడ్డ రక్తనమూనాలో బిలిరుబిన్ ఉండవలసిన దానికంటే చాలా తక్కువగా వచ్చింది. మళ్ళీ పరీక్షిస్తే ఇంకా తగ్గింది. విచారిస్తే, ఆ గాజునాళిక ప్రయోగశాల కిటికీ దగ్గర ఎండలో గంటల తరబడి ఉండిపోయిందని తేలింది. బిడ్డ చర్మంలో జరిగిందే నాళికలోనూ జరిగింది. యువవైద్యుడు రిచర్డ్ క్రీమర్, జీవరసాయనవేత్త పెరీమన్ ఈ రెంటినీ కలిపి చదివారు. కామెర్లున్న బిడ్డలను కొద్ది వ్యవధులుగా ఎండలో ఉంచి, రక్తపరీక్షలు చేసి చూశారు. బిలిరుబిన్ తగ్గింది. అయితే ఇంగ్లండు ఎండను నమ్ముకుని వైద్యం నడపలేరు కదా! ఉయ్యాల తొట్టి మీద అమరేటట్లు అర్ధవృత్తాకారపు లోహపు రిఫ్లెక్టరు చేయించి, దానికి నీలి ఫ్లోరసెంట్ ట్యూబులు బిగించారు. 1958లో క్రీమర్, పెరీమన్, రిచర్డ్స్ పేర్లతో ‘లాన్సెట్’లో పత్రం వెలువడింది. ఆ పత్ర రచయితల్లో జీన్ వార్డ్ పేరు లేదు. చూసినవారి కంటే కొలిచినవారి పేరు నిలవడం మా వృత్తిలో పాత అలవాటే.

ఆ తర్వాత పదేళ్ళపాటు ఇంగ్లీషు మాట్లాడే దేశాలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇటలీలోనూ దక్షిణ అమెరికాలోనూ వాడారు. 1968లో వెర్మాంట్‌కు చెందిన జెరోల్డ్ లూసీ బృందం, నెలలు నిండని బిడ్డలను రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన ఫలితాలను ప్రచురించాకే అమెరికా కదిలింది. ఈ జాప్యానికి అనుమానమే కారణమని తీసిపారేయలేం. వెలుగు తగిలిన బిలిరుబిన్ ఏమవుతోంది, ఆ కొత్త పదార్థం విషమా కాదా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న అడగడం వైద్యధర్మమే.

జవాబు 1980 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆంటొనీ మెక్‌డొనా, ఆయన సహచరుల పనితో స్పష్టపడింది. అంతవరకు వెలుగు బిలిరుబిన్‌ను ముక్కలు చేస్తుందనుకున్నారు. నిజానికి ప్రధానంగా జరిగేది అది కాదు. బిలిరుబిన్ అణువు తన నీటికి చెలిమైన భాగాలను లోపలికి ముడుచుకుని ఉంటుంది, అందుకే కరగదు. నీలి కాంతి తగలగానే అందులోని ఒక బంధం చుట్టూ సగభాగం తిరుగుతుంది, ముడి విడుతుంది. ముడి విడిన అణువు కాలేయపు సహాయం అక్కరలేకుండానే పైత్యరసంలోకి జారిపోతుంది. మరో రూపం, లూమిరుబిన్, మూత్రంలో కూడా పోతుంది. నీలి కాంతే ఎందుకు? బిలిరుబిన్ పసుపుగా కనిపించేదే నీలి కాంతిని మింగేయడం వల్ల. అందుకే దీపాలను 460-490 నానోమీటర్ల నడుమ కాంతి ఇచ్చేటట్లు తయారు చేస్తారు. అతినీలలోహిత కిరణాలకు ఇందులో పాత్ర లేదు. ఈ అపోహ తల్లిదండ్రుల్లోనే కాదు, కొందరు వైద్యుల్లోనూ కనిపిస్తుంది.

మన ఇళ్ళలో పసిబిడ్డను నీరెండలో పడుకోబెట్టడం ఉన్నదే. ఫోన్‌లో ఆ సలహా ఇచ్చే అమ్మమ్మల మాటలో రాచ్‌ఫర్డ్ ఆవరణలో కనబడిన నిజం కొంత ఉంది. కానీ ఎండకు కొలత లేదు. దాన్ని నమ్ముకుని రెండు రోజులు ఆగితే, ఆ రెండు రోజులే మెదడుకు చేటు. బిడ్డ ఒంటికి పసుపు రాస్తే కామెర్లను గుర్తించడమూ కష్టమే. పాతబట్టల పెట్టెలోని కలరా ఉండలు మరీ ప్రమాదం. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న బిడ్డలో వాటి వాసన సోకిన బట్టలే రక్తకణాలను విరగ్గొట్టగలవు. ఎండను కొలిచి, వడగట్టి వాడే ప్రయత్నమూ జరిగింది. నైజీరియాలో ప్రత్యేకమైన పొరలతో అతినీలలోహిత కిరణాలను, వేడిని అడ్డుకుని నీలి కాంతిని లోపలికి రానిచ్చే గుడారాల్లో బిడ్డలను ఉంచారు. ఆ పద్ధతి విద్యుత్ దీపాల చికిత్సకు తీసిపోలేదని 2015లో ప్రచురించారు. కరెంటు నిలకడగా లేని చోట అది చిన్న సంగతి కాదు.

అయితే ఎక్కువ వెలుగు ఎప్పుడూ మేలని అనుకోకూడదు. వెయ్యి గ్రాములకు మించని బిడ్డల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ముందుగానే, ఎక్కువగా వెలుగు ఇచ్చిన జట్టులో బతికినవారికి నాడీవైకల్యాలు కొంత తగ్గాయి. కానీ 750 గ్రాముల లోపు బిడ్డల్లో మరణాలు ఆ జట్టులోనే కొంత ఎక్కువగా కనిపించాయి. ఆ తేడా యాదృచ్ఛికమా కాదా అన్నది తేలలేదు. చర్మం అంత పలుచనగా ఉన్న బిడ్డలో కాంతి ఎంత లోతుకు వెళుతుందో, అక్కడ ఇంకేం చేస్తుందో అన్న వాదన మాత్రం ఆనాటి నుంచి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నవజాతశిశు విభాగాల్లో ఆ దీపం వెలిగించేముందు, ఏ మందుకైనా చేసినట్టే, బిడ్డ బరువు, వయస్సు, రక్తంలో బిలిరుబిన్ లెక్క చూసి, కళ్ళకు గంతలు కట్టి, ఎప్పుడు ఆర్పాలో కూడా ముందే రాసుకుంటారు.