చీనా నుంచి మన పండుగ విస్తరికి

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. అదే రాజు ఏలుబడిలో 14వ ఏట బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనంలో చీనా పేరు కనిపిస్తుంది. మూడో శతాబ్దానికే మనకు తెలిసిన ఆ దేశపు వంట మన పొయ్యి ఎక్కడానికి మాత్రం 1,700 ఏళ్లు పట్టింది.

చీనాలోని లాజియాలో బోర్లించిన గిన్నె కింద సుమారు 4,000 ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయని 2005లో పరిశోధకులు ప్రకటించారు. అవి కొర్ర, వరిగ పిండితో చేసినవని చెప్పారు. రెండూ మన మెట్ట రైతు ఎరిగిన గింజలే. పిండిని తీగలుగా దించే పని కూడా మనకు కొత్త కాదు. సంక్రాంతి జంతికల గొట్టం, రంజాన్ షీర్ ఖుర్మాలో సేమ్యా అందుకు సాక్ష్యం.

నూడుల్స్ మన దేశానికి కలకత్తా మీదుగా వచ్చాయి. 18వ శతాబ్దం చివర అక్కడ చీనీయులు స్థిరపడ్డారు. తర్వాత ఆ నగరంలోని టాంగ్రాలో తోలు పని చేసిన హక్కా జనం పేరే హక్కా నూడుల్స్‌కు వచ్చింది. 1975లో ముంబైలో చికెన్ మంచూరియా సృష్టించాడని పేరున్న నెల్సన్ వాంగ్ కలకత్తాలో పుట్టినవాడే. 1983లో మ్యాగీ రావడంతో నూడుల్స్ మాట ఇంటింటికీ చేరింది. 65వ నంబరు జాతీయ రహదారి మీది నందిగామ, జగ్గయ్యపేటలకు ఫాస్ట్‌ఫుడ్ బండ్లూ వచ్చాయి. బండి మీద రుచి మరిగిన పిల్లలు పుట్టినరోజుకూ, డిసెంబరు 31 రాత్రికీ అదే ఇంట్లో చేయమన్నారు.

అమ్మలకు అది కష్టం కాలేదు. ఉప్పు, చెంచాడు నూనె వేసిన నీళ్లు తెర్లుతుండగా నూడుల్స్ వేసి, కాస్త పలుకు ఉండగానే వార్చి, చన్నీళ్లు పోసి, పళ్లెంలో ఆరబెట్టి నూనె పట్టించాలి. పులిహోరకు అన్నం వార్చి ఆరబోసే చేతికి ఆ పలుకు ఇట్టే తెలుస్తుంది. ఆపైన పెద్ద సెగ మీద క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం చకచకా వేయించి, సోయా సాస్, వెనిగర్, మిరియాల పొడి వేసి కలపడమే. మిర్చి పండే నేల కనుక కారం ఒక చెంచా ఎక్కువే పడుతుంది.

చీనాలో పుట్టినరోజున నూడుల్స్ తినడం ఆనవాయితీ. తీగ ఎంత పొడవుంటే ఆయుష్షు అంత అని నమ్మకం. మన ఇళ్లలో ఆ రోజు సేమ్యా పాయసం వండుతాం. రెండు చోట్లా బిడ్డ బాగుండాలనే పిండి తీగలు ఉడుకుతున్నాయి. అందుకే ఈసారి బిడ్డ పుట్టినరోజుకు నూడుల్స్ విరవకుండా ఉడికించండి, పక్కనే గిన్నెడు సేమ్యా పాయసం పెట్టండి.