నీటి మట్టం: బాన నుంచి యంత్రం దాకా

ఉద్యోగరీత్యా నేను జైనూరు చేరి చాలా కాలమైంది. ముందువైపు గుండ్రటి గాజు తలుపుండే బట్టలుతికే యంత్రం మా ఇంటికి వచ్చి నాలుగేళ్ళు. పోయిన వేసవిలో అది బట్టలు సరిగా జాడించడం మానేసింది. ఆరిన చీరల మీద తెల్లని చారలు తేలేవి. మా అమ్మకు మెడచుట్టూ, మోచేతుల మీద దద్దుర్లు లేచాయి. వైద్యుడు సబ్బుపొడి మార్చమన్నాడు. మార్చాము, తగ్గలేదు. ఒకనాడు అమ్మ యంత్రంలోంచి తీసిన దుప్పటిని అరచేతిలో నలిపి చూసి, "బట్ట నీళ్ళు తాగలేదు బిడ్డా" అన్నది.

గాజు తలుపులోంచి చూస్తే నిజమే. అడుగున నీటి జాడే లేదు.

ఉట్నూరు నుంచి వచ్చిన మరమ్మతు కుర్రవాడు, "లోపల ఒక మర ఉంటది సార్, తిప్పితే నీళ్ళెక్కువ పడతయి. ఇప్పుడే తిప్పుతా" అన్నాడు. ఎందుకో నాకు మనసొప్పలేదు. రేపు రమ్మన్నాను. ఆ రాత్రి ఆ మర గురించి చదవబోయి, నీటి మట్టానికి కూడా ఒక చరిత్ర ఉన్నదని తెలుసుకున్నాను. ఆ చరిత్రే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

చాకిరేవులో నీటిని ఎవరూ కొలవలేదు. వాగు దగ్గరికి బట్ట పోయింది గాని, బట్ట దగ్గరికి వాగు రాలేదు. కొలత అవసరమైనది ఒక్క బాన దగ్గరే. చౌడు కలిపిన నీటిలో తడిపిన మైలబట్టలను బాన మీద పేర్చి, కింద మంటపెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించేవారు. దానినే ఉబ్బ వేయడం అనేవారు. నీరు తక్కువైతే బాన మాడుతుంది, ఎక్కువైతే పొంగి బట్టలను ముంచుతుంది. ఎంత పోయాలో చేయికే తెలుసునని మా అమ్మ చెబుతుంది. జగిత్యాల వైపు మా ఊరిలో చిన్ననాడు ఆమె చూసిన రేవు అది. ఆ కొలత ఏ పుస్తకానికీ ఎక్కలేదు. చేతి నుంచి చేతికి వచ్చింది.

ఆ చేతులకు దక్కినదేమిటో కూడా చెప్పుకోవాలి. నిజాం కాలపు తెలంగాణలో దొర ఇంటి మైలబట్టలు ఉతకడం వెట్టి. కూలి లేదు, కాదనే వీలు లేదు. పాలకుర్తిలో తాను సాగుచేసుకున్న భూమి కోసం దొరను ఎదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ (1895-1985) ఆ వృత్తిలోంచే వచ్చింది. బట్టలుతికే పనిని యంత్రానికి అప్పగించడంలో నాకు కనిపించే మేలు తీరిక ఒక్కటే కాదు. ఒకరి మైల మరొకరి నెత్తికెత్తే ఆచారం కొంతైనా సడలడం కూడా మేలే. కాని చేయి ఎరిగిన కొలతను కూడా యంత్రానికే వదిలేశాము. అక్కడే నా కథ చిక్కుపడింది.

తిరిగే పీపాలో బట్టలుతకాలన్న ఊహ పాతది. 1782లో హెన్రీ సిడ్జియర్ అనే ఆంగ్లేయుడు అటువంటి యంత్రానికి పేటెంటు పొందాడు. ముందు తలుపుతో, తనంతట తానే నీరు నింపుకొని ఉతికి జాడించే గృహయంత్రాన్ని అమెరికాలో బెండిక్స్ సంస్థ 1937లో బజారులోకి తెచ్చింది. పిండేటప్పుడు ఆ యంత్రం ఎంతగా అదిరేదంటే, దానిని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది.

పైమూత యంత్రంలో బట్టలు మునిగేదాకా నీరు కావాలి. ముందు తలుపు యంత్రంలో పీపా అడ్డంగా పడుకొని ఉంటుంది గనక, అడుగున కొద్దిపాటి నీరుంటే చాలు. పీపా తిరుగుతూ తడిసిన బట్టను పైకెత్తి కింద పడేస్తుంది. రేవులో బండ మీద బాదడానికి ఇది యంత్రం చేసే అనుకరణ. నీరు మరీ ఎక్కువైతే బట్ట తేలుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. ఎక్కువ నీరు ఎప్పుడూ ఎక్కువ శుభ్రం కాదని నాకు అప్పుడే తెలిసింది.

మరి యంత్రానికి నీటి మట్టం ఎట్లా తెలుస్తుంది? దానికి కళ్ళు లేవు. తొట్టి అడుగున ఒక చిన్న గాలి గది, దానినుంచి పైకి పోయే సన్నని గొట్టం, గొట్టం కొసన ఒక పలుచని పొర. తొట్టిలో నీరు పెరిగిన కొద్దీ గొట్టంలో చిక్కిన గాలి నొక్కుకుపోతుంది. 10 సెంటీమీటర్ల నీటి ఎత్తు సుమారు 1 కిలోపాస్కల్ ఒత్తిడికి సమానం. అంత స్వల్పమైన ఒత్తిడికే పొర ఉబ్బి మీటను నొక్కుతుంది, నీటి కవాటం మూసుకుంటుంది. బట్ట నీరు పీల్చి మట్టం తగ్గితే మీట వదులవుతుంది, మళ్ళీ నీరు వస్తుంది. కుర్రవాడు చెప్పిన మర ఆ మీట వెనుక స్ప్రింగు బిగువును మార్చేది. కర్మాగారంలోనే సరిచేసి, కదలకుండా దాని మీద రంగుచుక్క పెడతారు. కొత్తరకం యంత్రాలు చాలావాటిలో ఆ మరే లేదు. ఒత్తిడిని ఎలక్ట్రానిక్ సాధనం చదువుతుంది.

కాలం గడిచిన కొద్దీ యంత్రాల నీరు తగ్గుతూ వచ్చింది. 1995లో ఐరోపా సమాఖ్య బట్టల యంత్రాలకు నిర్దేశించిన లేబులు మీద కరెంటు ఖర్చుతోపాటు నీటి ఖర్చునూ చూపించవలసి వచ్చింది. నీరు తగ్గితే దానిని వేడిచేసే కరెంటూ తగ్గుతుంది. జాడించడానికి నీరు చాలదన్న గొణుగుడూ, మర తిప్పి మట్టం పెంచుకుందామన్న ఆలోచనా ఇటువంటి పొదుపు వెంట వచ్చేవే.

మర తిప్పడానికి నాకు మనసొప్పకపోవడానికి వేరే కారణమున్నది. ఒక్కో నింపుకు 5 లీటర్లు పెరిగినా, ఒక ఉతుకూ 3 జాడింపులూ కలిపి 20 లీటర్లు. ఒక బిందెడు నీరు. జైనూరులో బిందెడు నీరంటే చిన్నమాట కాదు. 2016లో మిషన్ భగీరథ మొదలై కుళాయిలు వచ్చాయి. అయినా వేసవి ముదిరితే వాగు ఇసుకలో చెలిమె తోడి, నీరు ఊరేదాకా బిందె పక్కన కూర్చున్న గోండు ఆడవాళ్ళను నేను చూశాను. ఈ మండలంలోని మార్లవాయిలోనే 1940లలో హైమెండార్ఫ్ దంపతులు గోండుల మధ్య నివసించారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలిసింది. వారి సమాధులూ అక్కడే ఉన్నాయి. జల్, జంగల్, జమీన్ అని కుమ్రం భీము పేర నిలిచిన నినాదంలో మొదటి మాట నీరే. ఏటా పుష్యమాసంలో కేస్లాపూరు నాగోబా పూజకు మెస్రం వంశీయులు జన్నారం వైపు హస్తలమడుగుకు కాలినడకన పోయి, ఝరిలో గోదావరి జలం తెస్తారు. ఒక పాత్రెడు నీటికి అంత నడక. ఆ దారుల పక్కన ఉంటూ, చూడకుండానే ఒక బిందె పెంచుకోవడం నాకు చేతకాలేదు.

మరునాడు కుర్రవాడు వచ్చాడు. మర ముట్టవద్దనీ, ముందు గాలి గది విప్పి చూడమనీ అన్నాను. కరెంటు తీసి, విప్పాడు. లోపల మా బోరు ఉప్పునీటి సున్నమూ, కరగని సబ్బుపొడీ కలిసి బూడిదరంగు ముద్దగా గడ్డకట్టి ఉన్నాయి. నీరు తీసిపోయినా గొట్టంలోని గాలికి బయటపడే దారి లేదు. పాత ఒత్తిడి అక్కడే నిలిచి, నిండని తొట్టిని నిండిందని యంత్రానికి చెబుతున్నది. తప్పు మట్టానిది కాదు, కొలతది. మర తిప్పి ఉంటే ఆ అబద్ధానికి మరో అబద్ధం చేర్చేవాళ్ళం. ఏనాడో గొట్టం తెరుచుకున్నప్పుడు నీరు హద్దు దాటేది.

గది కడిగాము, గొట్టం ఊది చూశాము, పొడి సగానికి తగ్గించాము. అమ్మ బట్టలకు ఒక జాడింపు అదనంగా పెట్టాము. ఆ నీరు తెలిసి ఖర్చుచేసేది, పెరటి మొక్కలకు పోతుంది. పక్షం తిరిగేసరికి దద్దుర్లు మాడిపోయాయి.

ఇప్పటికీ ఉతుకు ముగియగానే అమ్మ ఒక బట్ట అందుకొని అరచేతిలో నలిపి చూస్తుంది. మొదట్లో అది చాదస్తమనుకున్నాను. గొట్టమూ పొరా చెప్పలేకపోయిన నిజాన్ని ఆ చేయి ముందే చెప్పింది. ఆమె తల ఊపిన తరువాతే బట్టలు దండెం మీదికి పోతున్నాయి.