పాత రివాల్వర్ పుట్టిల్లు

యానాంలో మా పెద్దత్తయ్యగారి ఇంట్లో ఇనప్పెట్టె అడుగున, లైసెన్సుతో సహా, ఒక పాత రివాల్వర్ ఉంది. ఆవిడ మామగారి తండ్రికి ఒక ఫ్రెంచి దొర దాన్ని బహూకరించాడని ఆ ఇంట్లో నమ్మకం. ప్రతి పెళ్లిలోనూ ఆ కథ చెప్పుకుంటారు. కాకినాడలో స్థిరపడిన దాయాదులు మాత్రం ఒప్పుకోరు. "దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంటే ఫ్రెంచి దొర ఎక్కణ్ణించి వచ్చాడండీ?" అంటారు. రాసి ఉన్న మాట నిజమే. గొట్టం వెనకాల, పైభాగాన 'బ్రిటిష్ బుల్‌డాగ్' అని చెక్కి ఉంది.

రెండు వాదాలకూ ఆస్కారం లేకపోలేదు. 1723లో ఫ్రెంచివారు యానాంలో కాలు పెట్టారు. మధ్యలో ఇంగ్లీషువారు పలుమార్లు పట్టుకున్నా, 1954 దాకా అది ఫ్రెంచివారిదే. చుట్టూ ఉన్న గోదావరి ప్రాంతమంతా ఇంగ్లీషువారిది. ఏటికి ఆ ఒడ్డున ఒక దొర, ఈ ఒడ్డున ఇంకొక దొర.

ఈ తగవు తీర్చే పని నా మీద పడింది. ముందుగా, తుపాకులు తెలిసిన ఒక పెద్దమనిషి చేత లోపల తూటాలు లేవని చూపించుకున్నాను. పాత ఆయుధాన్ని ముట్టుకునే ముందు అది తప్పనిసరి. తరువాత భూతద్దం తీసుకుని కూర్చున్నాను. అన్నట్టు, తుప్పు వదలాలని గరుకు కాగితంతో రుద్దకండి. తుప్పుతోపాటు ముద్రలూ పోతాయి. ముద్రలు పోతే చదవడానికి ఇంకేమీ మిగలదు.

ఫ్రెంచి సైన్యానికి 1873 నమూనా రివాల్వర్లు సాంతెతియెన్‌లోని ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యేవి. వాటి మీద ఆ ఊరి పేరు ఉంటుంది. గొట్టం మీద నమూనా పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. మా దాని మీద అవేవీ లేవు. పోనీ ఇంగ్లండుదా అంటే, బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్రలో కిరీటం, అడ్డంగా వేసిన రెండు రాజదండాలు ఉండాలి. అవీ లేవు.

ఉన్నదల్లా గుళ్ల చక్రం మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అనే మూడు అక్షరాలు, వాటిపైన చిన్న కిరీటం. అది బెల్జియంలోని లియేజ్ నగరపు పరీక్షశాల ముద్ర! ఆ ఊళ్లో ఇంటింటా తుపాకీ పనివాళ్లే. ఒక ఇంట గొట్టం, ఇంకో ఇంట పిడి తయారయ్యేవి. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ 1872లో జేబులో పట్టే పొట్టి బుల్‌డాగ్‌ను తెస్తే, లియేజ్ వాళ్లు వాటికి నకళ్లు లెక్కలేనన్ని చేసి, ఇంగ్లీషు పేరే చెక్కి దేశదేశాలకూ అమ్మారు. పేరుకి గిరాకీ ఉంది మరి.

అసలు చిక్కు ఆ కిరీటంతో వచ్చింది. లియేజ్ ముద్ర మీద కిరీటం చేర్చింది 1893లో. బహుమతి పుచ్చుకున్నారన్న పెద్దాయన 1888లోనే కాలం చేశారు. ఇంట్లో ఉన్న పంపకాల దస్తావేజులో ఆ సంగతి స్పష్టంగా ఉంది. ఇక దొర ఇచ్చేదెప్పుడు, ఆయన పుచ్చుకునేదెప్పుడు?

ఈ మాట పెద్దత్తయ్యగారికి చెప్పడానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు. ఎనభై దాటిన మనిషి, ఆ కథ వింటూ కాపురానికి వచ్చిన మనిషి. మూడో రోజు భూతద్దం ఆవిడ చేతికే ఇచ్చాను. కిరీటం చాలాసేపు చూశారు. తరువాత, "అయితే మా మామగారే కొనుక్కుని ఉంటారురా. తండ్రి పేరు పెట్టి చెబితే కాస్త గౌరవంగా ఉంటుందని అలా చెప్పుకునేవారేమో. ఆయనకి జేబులో పట్టే వస్తువులంటే మహా సరదా, గడియారాలు నాలుగుండేవి" అన్నారు.

రివాల్వర్ మళ్లీ పెట్టె అడుక్కి చేరింది. ఈసారి దానితోపాటు ముద్రల నకలు గీసిన కాగితం ఒకటి పెట్టించారు. కాకినాడ వాళ్లకి మాత్రం అప్పుడే చెప్పవద్దన్నారు.